మూడువందల అరవై మోదుగాకులు

యుద్ధం వల్ల మా ఇంట్లో పోయినవాటిని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వరుసగా కాగితం మీద రాశాను.

మనిషి ఒకడు. మా అమ్మకు నాయిన, నాకు తాత. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి పటాలంలో చేరి, చైనా యుద్ధానికి మంచుకొండల్లోకి వెళ్లాడు. చనిపోయాడని కాగితం రాలేదు, కనబడటం లేదని వచ్చింది. ఆయన ఎత్తు ఎంతో ఎవరికీ తెలియదు. తల వంచకపోతే మా పాత ఇంటి ద్వారబంధం నుదుటికి తగిలేదట. ఆ ఇల్లు కూలిపోయింది కాబట్టి కొలిచే దారి లేదు.

ఉత్తరాలు ఆరు. అమ్మమ్మకు చదువు రాదు. ఊళ్లో బడిపంతులు చదివి వినిపించేవాడు. ఆరోది వచ్చినప్పుడు పంతులు ఊళ్లో లేడు. ఆయన తిరిగి వచ్చేలోపు ఇల్లు కురిసి, సిరా అంతా కాగితం మీద పాకిపోయింది. కాబట్టి చదివినవి ఐదు, చదవనిది ఒకటి.

ఫొటో ఒకటి, చెదలు తిన్నది. కాలి మట్టెలు రెండు.

కలిసి బతికిన రోజులు. ఇది రాయడానికి నాకు చాలా సమయం పట్టింది. అమ్మమ్మను కూర్చోబెట్టి, ఏ పండక్కి వచ్చాడు, ఏ పంట కోతలో వెళ్లాడు అని అడిగి కూడుకుంటూ వచ్చాను. నాలుగేళ్ల కాపురంలో ఇద్దరూ ఒకచోట ఉన్నది మొత్తం నూట ముప్పై ఒక్క రోజు. అందులో మా అమ్మ తన నాయిన ఒళ్లో ఉన్నది ఇరవై తొమ్మిది రోజులు. అవి ఆమెకు గుర్తులేవు.

పోయినది ఇంకొకటి ఉంది. దానిని కాగితం మీద ఎలా రాయాలో తెలియక చాలా రోజులు ఖాళీ వదిలేశాను. మా అమ్మకు లెక్క పోయింది.

లెక్క రాదని కాదు. వచ్చు, వచ్చి వదిలేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నోట ఒక అంకె వినలేదు. రొట్టెలు ఎన్ని చెయ్యాలంటే "తిన్న కాడికి" అంటుంది. బియ్యం చేత్తోనే తీస్తుంది, గ్లాసు వాడదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎన్నో స్టేషన్‌లో దిగాలో లెక్కపెట్టదు, కిటికీలోంచి బోర్డులు చూసుకుంటూ కూర్చుంటుంది. ఆమె చేతికి ఏది ఇచ్చినా ఎన్ని ఉన్నాయో చూడకుండానే తీసుకుంటుంది. చిన్నప్పుడు నేను ఎక్కాలు అప్పగిస్తానంటే పొయ్యి దగ్గరి నుంచి లేచి బయటికి పోయేది.

అందుకేనేమో నేను అంకెలు పట్టుకుని పెరిగాను. తొమ్మిదో ఏట మా నాన్న విజయవాడ రోడ్డు మీద లారీ ప్రమాదంలో పోయాడు. ఐదో తరగతితో నా బడి ఆగింది. పక్కింటి పిల్లల నోటు పుస్తకాల వెనక అట్టల మీద ఉన్న ఎక్కాలు చూసి ఇరవై దాకా నేర్చుకున్నాను. భిన్నాలు రొట్టె తుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వంట చేస్తాను. అరవై ఎనిమిది మంది పిల్లలు. పరీక్షల ముందు అన్నం తక్కువ, టీ ఎక్కువ. ఫలితాలు వచ్చిన రోజు సగం మంది తినరు, సగం మంది రెండింతలు తింటారు, మొత్తం మీద అంతే అవుతుంది. హాస్టల్ నడిపే ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. "మా పిల్లలకి కోచింగ్ సెంటర్లో చెప్పే లెక్కల కంటే మీ గిన్నె లెక్కే నయవండీ, ఒక్కరోజూ మిగలదు, చాలకా పోదు" అంటుంది.

మేముండేది ఎల్బీనగర్‌లో, మేడ మీద రెండు గదుల పోర్షన్. నేను, మా ఆయన, మా అమ్మ, అమ్మమ్మ, నా బిడ్డ. మా ఆయన ఫిల్మ్ స్టూడియో చూడటానికి వచ్చేవాళ్లను అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా తీసుకుపోయే వ్యాను నడుపుతాడు. నా బిడ్డ దగ్గర్లోని దవాఖానలో నర్సు. అమ్మకు అరవై నాలుగేళ్లు, అమ్మమ్మకు ఎనభై రెండు.

పోయిన చలికాలంలో నా బిడ్డ ఒక మాట చెప్పింది. అందరం అన్నాలు తింటున్నాం. నా హాస్టల్‌లో ఉండి చదువుకున్న ఒక అమ్మాయికి అన్న ఉన్నాడు, మా జిల్లావాడే, సైన్యంలో సిపాయి. సెలవుల్లో చెల్లెల్ని చూడటానికి వచ్చినప్పుడు వీళ్లిద్దరికీ పరిచయం. పెళ్లి చేసుకుంటామని చెప్పింది. చెప్పేది మా ఆయనకు, చూసేది మా అమ్మ వైపు.

మా అమ్మ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి లేచింది.

"వద్దు" అంది.

"అమ్మమ్మా, పిల్లగాన్ని చూడకుండానే వద్దంటవేంది?" అంది నా బిడ్డ మా అమ్మతో.

"పిల్లగాడు మంచోడే ఉంటడు. మంచోళ్లే పోతరు. ఈ ఇంట్లకు ఇంకో సిపాయి వద్దు."

"గప్పుడంటె ఉత్తరాలు. ఇప్పుడు దినాం ఫోన్ల మొఖం చూస్కోవచ్చు. గప్పటికీ ఇప్పటికీ ఒక్కటేనా?"

"వద్దన్న గదనే! నేను బతికుండంగ వద్దు. నేను పొయ్యినంక మీ ఇష్టం."

నా బిడ్డ వాదించే పిల్లే కానీ ఆ మాటతో ఆగిపోయింది. మా అమ్మను దవాఖానకు తీసుకుపోయేది, మందులు వేసేది ఆ పిల్లే. ఆమెను ఏడిపించి తాళి కట్టించుకోనని నాతో చెప్పింది. అబ్బాయికి ఇంట్లో వేరే సంబంధాలు చూస్తున్నారు. అతను ఎండాకాలంలో సెలవు మీద వస్తాడు, అప్పటిలోగా మా మాట తెలియాలి. నేను వేళ్ల మీద లెక్క చూశాను. నాలుగు నెలలున్నాయి.

మూడు నెలలు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నా బిడ్డ డ్యూటీకి పోయేది, వచ్చేది. నవ్వడం తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం నేను, అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాం. నేను ఉండబట్టలేక అడిగాను, నీ నాయిన యుద్ధంలో పోతే ఈ పిల్ల ఏం చేసిందని.

అమ్మ చీర కొంగు పిండుతూ అంది: "మా నాయిన యుద్ధంల పోలే. నావల్ల పోయిండు."

అమ్మ అప్పుడు చెప్పిందంతా నేను మొదటిసారి వినడం.

మనిషి జాడ తెలియక పన్నెండేళ్లు గడిస్తే, ఇక లేడని అనుకుని కర్మ చేసే ఆచారం ఉంది. శవం ఉండదు కాబట్టి దర్భలతో మనిషి బొమ్మ చేస్తారు. దానిమీద మోదుగాకులు పేరుస్తారు. మొత్తం మూడువందల అరవై. తలకు నలభై, మెడకు పది, రొమ్ముకు ఇరవై, రెండు చేతులకు వంద, రెండు తొడలకు వంద, అలా చివరికి కాలివేళ్లకు పది. ఆకులతో మనిషిని పూర్తి చేసి నిప్పు పెడతారు.

అమ్మమ్మకు ఆ కర్మ చేయించడం ఇష్టం లేదు. కానీ మా అమ్మకు పద్నాలుగేళ్లు వచ్చాయి. తండ్రి ఉన్నాడో లేడో తేలని ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారని ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి అడిగారు. అమ్మమ్మ సరేనంది. ఆకులు తెచ్చే పని కూడా ఆమెదే అయింది. ఎందుకంటే తాత పోయాక ఆమె బతికింది మోదుగాకు విస్తర్లు కుట్టి. ఊళ్లో ఏ పెళ్లికైనా, చావుకైనా విస్తర్లు మా ఇంటి నుంచే పోయేవి. ఆకులు కోసేది అమ్మమ్మ, లెక్కపెట్టి కట్టలు కట్టేది మా అమ్మ. ఇరవై ఆకులకు ఒక కట్ట. చేతికి అందిన వయసు నుంచి అదే పని.

కర్మకు ముందు రోజు సాయంత్రం అమ్మ పద్దెనిమిది కట్టలు కట్టింది. మర్నాడు వాగు ఒడ్డున అయ్యగారు ఒక్కో కట్ట విప్పి పేర్చుకుంటూ వచ్చాడు. చివరికి కాలివేళ్ల దగ్గర పదికి తొమ్మిదే మిగిలాయి.

"ఎవరు లెక్కబెట్టిన్రు ఇవి?" అన్నాడు అయ్యగారు.

అందరూ అమ్మ వైపు చూశారు.

"ఒక్క ఆకు తక్కువ తెచ్చి ఒక మనిషిని కుంటోన్ని జేసి పంపుతున్నవ్ పిల్లా. లెక్క దప్పితే కర్మ దప్పినట్టే."

మళ్లీ కోసుకు రావడానికి అడవి దూరం. పొద్దు ఎక్కిపోయింది. ఆయన ఆ చోట ఒక దర్భపోచ పెట్టి, తర్వాత శాంతి చేయించుకోండని చెప్పి కానిచ్చేశాడు. ఆ శాంతి ఎవరూ చేయించలేదు. నాయినను చంపింది, గతి లేకుండా చేసింది తన లెక్కేనని నమ్మిన మా అమ్మ మాత్రం ఆ రోజు నుంచి అంకె పలకలేదు. మా నాన్న లారీ కింద పడ్డప్పుడు, శాంతి లేని తన నాయినే తీసుకుపోయాడని అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మనుమరాలు సిపాయిని తెస్తాననేసరికి, నాయిన మళ్లీ వస్తాడని భయం.

నేను ఓదార్చడం చేతకాని మనిషిని. లెక్క అడగడం వచ్చు.

"రెండోసారి ఎంచినవా?" అన్నాను.

"ఎంచిన. దీపం పెట్టక ముందే రెండుసార్లు ఎంచిన."

"కట్టకు ఇరవై. పద్దెనిమిది కట్టలు. కట్ట మర్చిపోతే ఇరవై తక్కువ పడాలె గని, ఒక్కటెట్ల తక్కువ పడ్తది?"

"ఒక కట్టల పందొమ్మిదే పెట్టినేమో."

"రెండుసార్లు ఎంచితే రెండుసార్లూ గదే కట్టల తప్పినవా?"

అమ్మ ఇంకో చీర దులిపింది. నేను దండెం మీద చీర సర్దుతూ మళ్లీ అడిగాను: "కట్టలు దేంతోని కడ్తవ్?"

"నారతోని. రెండు ముళ్లు. మా అవ్వ నేర్పిందే."

"అయ్యగారు విప్పినప్పుడు అన్నిటికీ రెండు ముళ్లే ఉన్నయా?"

అమ్మ చేతిలోని క్లిప్పు అలాగే పట్టుకుని నిలబడింది. ఆలోచించి, ఆలోచించి చెప్పింది: "ఒకదానికి ఎడమ దిక్కు ముడి ఉండె. అయ్యగారు విప్పలేక పండ్లతోని కొరికిండు."

మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే.

అమ్మమ్మ కింద వరండాలో ఎండకు కూర్చుని, హాస్టల్ కోసం నేను తెచ్చిన వెల్లుల్లి పాయలు ఒలుస్తోంది. ఎడమచేత్తోనే. చెవులు సరిగ్గా వినపడవు కానీ, తనకు పనికొచ్చే మాట మాత్రం తప్పకుండా వినపడుతుంది. అమ్మ ముందు దిగింది, వెనక నేను. అమ్మ మెట్ల దగ్గరే నిలబడిపోయింది, కాబట్టి నేనే అడిగాను.

"అమ్మమ్మా, తాత కర్మకు ఆకులు ఎన్ని ఇచ్చినవ్?"

"ఏ కర్మ?"

"ఎన్ని కర్మలు జేసినవేంది తాతకు? వాగు ఒడ్డున జేసింది."

అమ్మమ్మ ఒక పాయ ఒలిచి గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది. వినపడలేదని అంటుందనుకున్నాను.

"ఒక కట్ట విప్పిన. ఒకటి తీసి మళ్ల కట్టిన" అంది.

"ఎందుకు?"

"మీ తాతను మొత్తం గాల్చాల్నా? ఒక్క కాలి బొటనవేలు ఉంచిన. మనిషి ఏడనన్న ఉంటే, కుంటుకుంటనన్న ఒస్తడు గదా అని."

ఇరవై ఏళ్లు కూడా నిండకముందే ఒంటరిదైన మనిషి, పన్నెండేళ్లు ఆగి చేసిన ఆలోచన అది. అది విన్న మా అమ్మ గొంతు లేచింది.

"అవ్వా! అయ్యగారు నన్ను నలుగుట్ల తిట్టినప్పుడు నువ్వు నా పక్కన్నే ఉన్నవ్!"

"ఉన్న."

"నోరు తెరిచి ఒక్క మాటంటె ఏం బోతుండె?"

"ఆకు బోతుండె. గుంజుకుని పెడ్తుండిరి." అమ్మమ్మ గిన్నె పక్కన పెట్టింది. "నీమీద మాట పడుడో, ఆకు పోవుడో. నేను ఆకు దాసుకున్న. పిల్లవు, రెండు దినాలల్ల మర్చిపోతవనుకున్న."

"యాభై ఏండ్లు!" అంది మా అమ్మ. "యాభై ఏండ్లు నేనే సంపిన అనుకున్న! నా పెనిమిటి పోతె గూడ నేనే అనుకున్న!"

"నువ్వు జెప్తివా నాకు? ఎన్నడన్న జెప్తివా?"

"నువ్వు జెప్తివా?"

ఎదురింటి పోర్షన్‌లో ఉండే ఆవిడ తలుపు తీసి చూసి, పెద్ద గొడవేననుకుని మళ్లీ మూసుకుంది. అరవై నాలుగేళ్ల మనిషి, ఎనభై రెండేళ్ల మనిషి, ఇద్దరూ మెట్ల దగ్గర ఒకరినొకరు చూస్తూ ఏడుస్తున్నారు. నేను మధ్యలో నిలబడి ఉన్నాను. ఆకుల లెక్క నుంచి యాభై ఏళ్ల దాకా ఆ మధ్యాహ్నం మా అమ్మ నోటి నుంచి అంకెలు వచ్చాయని నాకు అప్పుడు కాదు, రాత్రి వంటకు బియ్యం కొలిచేటప్పుడు తట్టింది.

అమ్మ తొమ్మిది రోజులు అమ్మమ్మతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, తలకు నూనె రాసేది. మాట మాత్రం లేదు. అమ్మమ్మ కూడా తక్కువది కాదు. "ఏం జేస్తం, మూగోళ్లింట్ల పడ్డం" అని గోడకు చెప్పేది. మా బిడ్డ ఇద్దరి మధ్య తిరుగుతూ, మా అమ్మతో "అవ్వ ఉప్పు అడుగుతుంది", మా అమ్మమ్మతో "అమ్మమ్మ లేదంటుంది" అని ఒకే గదిలో కబుర్లు మోసేది. ఆ తొమ్మిది రోజుల్లోనే మళ్లీ కొద్దిగా నవ్వింది.

పదో రోజు పొద్దున అమ్మ టీ గ్లాసు తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది.

"మరి గా ఆకు ఏది?"

"ఏ ఆకు?"

"అవ్వా, మళ్ల మొదలు పెట్టకు."

అమ్మమ్మ టీ ఊదుకుంది. "మోదుగాకు ఎండినా పాడుగాదు. నీళ్లు జల్లితె మళ్ల మెత్తగైతది. నీ పెండ్లి దాక దాసిన. పెండ్లికి విస్తర్లు నేనే గుట్టిన గదా. నువ్వు బువ్వ తిన్న విస్తరిల నడిమి ఆకు గదే."

అమ్మ గోడకు ఆనుకుంది.

"మీ నాయినను పిలవకుంట నీ పెండ్లి ఎట్ల జేస్తనే?" అంది అమ్మమ్మ.

అమ్మ అమ్మమ్మ పక్కన కూర్చుంది. తన పెళ్లి భోజనంలో ఏమేం వడ్డించారో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, బూరెలు రెండు. రెండా మూడా అని ఇద్దరికీ వాదన వచ్చింది. అమ్మ మూడంది. అమ్మమ్మ, వడ్డించింది నేనా నువ్వా అంది. నేను హాస్టల్‌కు ఆలస్యమవుతున్నా గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఏమో, మూడే అయి ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

నేను పెళ్లి మాట ఎత్తలేదు. ఎత్తితే పాడవుతుందని నా లెక్క. ఆ వారం చివర అమ్మే నా బిడ్డను పిలిచింది.

"గా పిల్లగానికి ఫోన్ కలుపు."

నా బిడ్డ నా వైపు చూసింది. నేను తలూపాను. ఫోన్‌లో అబ్బాయి ముఖం కనబడింది. వెనక మంచు కొండో, తెల్ల గోడో తెలియలేదు. టోపీ తీసి నమస్కారం పెట్టాడు.

"నీ కాళ్లు జూపియ్యి" అంది మా అమ్మ.

"అమ్మమ్మా?"

"కాళ్లు, కాళ్లు. బూట్లు తీసి."

అబ్బాయి పరేషాన్ అయి అటూ ఇటూ చూశాడు. పక్కన ఎవరో నవ్వడం వినపడింది. బూటు, మేజోడు విప్పి ఫోన్ కిందికి తిప్పాడు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, స్క్రీన్ దగ్గరికి వంగి, ఒక్కొక్క వేలూ చూసింది.

"అయిదు. గా రెండోది గూడ జూపియ్యి. అయిదు. మంచిది. అన్నీ ఉన్నయ్." వెనక్కి జరిగి కూర్చుని అడిగింది: "సెలవు ఎన్నొద్దులు ఇస్తరు?"

"ముప్పై రోజులు అమ్మమ్మా. పెళ్లికని రాసిచ్చిన."

"ముప్పై అంటే ముప్పై. ఒక్కటి తక్కువైనా నేనూకోను. మా ఇంట్ల ఒక్కటి తక్కువైతె ఎంతైతదో నీకెర్క లేదు."

వెనక మంచం మీద నుంచి మా అమ్మమ్మ, "వాన్ని బెదిరియ్యకే, రాకుంట పోతడు" అంది. చెవులు వినపడని మనిషికి అది వినపడింది.

పెళ్లి ఆ ఎండాకాలంలోనే చేశాం. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక చిన్న ఫంక్షన్ హాలు. వంట లెక్క నాదే. మూడువందల నలభై మందికి కొలిచాను, మూడువందల ముప్పై ఏడు మంది తిన్నారు. మిగిలిన ముగ్గురిది హాలు ఊడ్చేవాళ్లకు పెట్టాం. అల్లుడు పెళ్లికి మూడు రోజుల ముందు వచ్చాడు. మంచి పిల్లవాడు. తల వంచి మాట్లాడతాడు, తిన్న కంచం తనే తీస్తాడు. అతను జోకు చెబితే నా బిడ్డ నవ్వకముందే అతని భుజం మీద కొడుతుంది. అమ్మమ్మ ఆ దెబ్బలు చూసి, "పటాలంల దెబ్బలు అలవాటే లే" అనేది.

అతని సెలవులో పన్నెండో రోజు మధ్యాహ్నం అందరం కూర్చుని మామిడిపళ్లు తింటున్నాం. అతని ఫోన్ మోగింది. సరిహద్దులో గొడవ మొదలైంది, సెలవులు రద్దు, వెంటనే బయలుదేరమని. అతను ఫోన్ పెట్టేసి మాకు చెప్పకముందే నా బిడ్డ లేచి సంచి సర్దడం మొదలుపెట్టింది. మేము చేతిలోని పళ్లు పళ్లెంలో పెట్టేశాం. నేను మాత్రం మా అమ్మ ముఖం చూడటానికి భయపడ్డాను.

సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఎక్కేముందు అతను అమ్మ కాళ్లకు మొక్కాడు. అమ్మ లేపి నిలబెట్టింది. కళ్లు తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"ముప్పై అన్నవు. పన్నెండు ఉన్నవు. ఇంక పద్దెనిమిది బాకీ. యాదుంచుకో."

"యాదుంటది అమ్మమ్మా."

"నీకు లేకున్నా నాకుంటది."

ఆ తర్వాతి రోజులు టీవీ ముందు ఎలా గడిచాయో రాయను. అందరి ఇళ్లలోనూ అలాగే గడిచాయి. నా బిడ్డ డ్యూటీ మానలేదు. అమ్మ రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని హాస్టల్ చపాతీలకు ఉండలు చేసింది. నేను అడగకుండానే లెక్కపెట్టి పళ్లెంలో పేర్చింది. రోజుకు రెండువందల డెబ్బై రెండు. మొదటి ఉండను 'ఒకటి' అనకుండా, విస్తర్లు ఎంచేవాళ్ల పద్ధతిలో 'లాభం' అంది. తరువాత రెండు, మూడు. ఒక్క రోజూ తప్పలేదు. గొడవ చల్లారి, అతను ఫోన్ చేసి బాగున్నానని చెప్పిన రోజు మాత్రం రెండువందల డెబ్బై ఒకటి దగ్గర ఆపి, చివరి ఉండను అమ్మమ్మ నోట్లో పచ్చిపిండిగానే పెట్టింది. అమ్మమ్మ ఉమ్మేసి తిట్టింది.

ఈ చలికాలం మొదట్లో అల్లుడికి యూనిట్ పని మీద సికింద్రాబాద్ రావలసి వచ్చింది. అక్కడి పని ముగించుకుని మా ఇంటికి వచ్చి ఉన్నాడు. వచ్చింది సోమవారం సాయంత్రం, వెళ్లింది గురువారం సాయంత్రం. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, నాలుగు దినాలు తీరినయి, ఇంక పద్నాలుగే బాకీ" అన్నాడు.

"నాలుగెట్ల?" అంది అమ్మ. "పొద్దు గూకినంక ఒచ్చిన దినం దినమా? మంగళవారం, బుధవారం, గురువారం. మూడే."

"గురువారం గూడ సగం దినమే గదా, మరి గదెట్ల లెక్కకొచ్చె?"

"పోయే దినం లెక్కకొస్తది. పొద్దుగాల నుంచి కండ్ల ముందరున్నవు. ఒచ్చిన దినం రాదు."

అల్లుడు నా వైపు చూశాడు, లెక్కలు తెలిసినదాన్ని కదా అని. నా బిడ్డ కూడా చూసింది, కడుపు మీద చెయ్యి వేసుకుని. ఏడో నెల అప్పుడు. నా పద్ధతిలో గంటలు కూడి చూస్తే మూడు రోజులకు మూడు రోజులే. అంటే అమ్మ లెక్కే. దారి ఎలా ఉన్నా మొత్తం అక్కడికే చేరింది. నేను అమ్మదే సరైన లెక్క అన్నాను.

ఇది రాసే రోజుకు అతను ఇంకా రాలేదు. వచ్చే నెలలో సెలవు దొరుకుతుందని నిన్న చెప్పాడు. ఎన్ని రోజులని అమ్మ అడిగితే, అడిగినన్ని ఇవ్వరని, దొరికినన్ని తెస్తానని అన్నాడు.

బాకీ పదిహేను రోజులు.